గుమ్మానికి కట్టిన వేపమండ

మశూచి భూమ్మీద లేదని ప్రపంచ ఆరోగ్య సభ 1980 మే 8న ప్రకటించింది. మశూచి పోయింది గానీ వేపమండ పోలేదు. పట్టిసీమ రేవు మొదలుకొని కోనసీమ దాకా పిల్లలకు ఆటలమ్మ పోస్తే గుమ్మానికి వేపమండలు కట్టడం, వేపాకూ పసుపూ నూరి ఒంటికి రాయడం నేటికీ ఆనవాయితీ. దీన్ని మూఢనమ్మకమని కొట్టేసేవారూ, మహౌషధమని మొక్కేవారూ ఆకునే చూస్తున్నారు; అది చేసిన అసలు పని ఇద్దరికీ పట్టలేదు. గుమ్మాన మండ కనిపిస్తే ఇరుగుపొరుగు లోపలికి రారు, ఇంట్లోవాళ్లు పేరంటాలకు పోరు. అంటువ్యాధికి అదే సగం వైద్యం.

ఆయుర్వేద గ్రంథం మాధవనిదానం మసూరిక పేరుతో పొక్కుల జబ్బును వర్ణించింది. 16వ శతాబ్దిలో భావప్రకాశం శీతలాదేవిని తలచింది. మన వైద్యులకు బసవరాజీయం చేతిపుస్తకమైంది. పల్లెలకు మాత్రం దిక్కు అమ్మవారి గుడీ, జాతరా. 1802 జూన్‌లో జెన్నర్ టీకా బొంబాయిలో తొలిసారి ఓ మూడేళ్ల పాపకు పడింది. ఆవు పొదుగు మీది పొక్కుల నుంచి పుట్టిన ఈ మందుకు జనాన్ని ఒప్పించడమెలా? ఇక్కడే వస్తాడు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని 1816లో వాదించిన మద్రాసు కలెక్టరు ఈయనే. టీకా గోమాత ఇచ్చిన వరమన్నట్టు, ధన్వంతరికీ శక్తికీ నడుమ సంభాషణగా తమిళంలో ఓ కథ అల్లాడు. అమ్మవారిని కాదనకుండా అమ్మవారి నోటనే టీకాకు అనుమతి ఇప్పించాలన్న ఎత్తుగడ అది! 1819లో ‘మద్రాస్ కొరియర్’లో అచ్చయిన లేఖ ఇంకో అడుగు వేసి, ఈ విద్య ధన్వంతరి ‘శాక్తేయ గ్రంథం’లో ముందే ఉందంది. ఆ ప్రాచీన ఆధారం కల్పితమని పరిశోధకులు తేల్చినా, గర్వంగా ఉటంకించేవారు ఇంకా ఉన్నారు. మంచి కోసం చెప్పిన అబద్ధమే, కానీ అబద్ధానికి ఆయుష్షు ఎక్కువ.

మరి వేపాకుతో ఆటలమ్మ తగ్గుతోంది కదా అంటారు. ఆరోగ్యవంతుడైన పిల్లవాడికి మందేమీ వేయకున్నా అది వారం పదిరోజుల్లో తగ్గుతుంది; వేప దురదకు ఉపశమనమిస్తే ఇవ్వవచ్చు. ప్రయోగశాలలో వేపసారం కొన్ని వైరస్‌లను అడ్డుకుందంటారు. గాజుపాత్రలో గెలిచినదల్లా ఒంట్లో గెలవదు. అలాగని మూలికలన్నీ వట్టివేనా? పొడోఫిల్లమ్ మొక్క జిగురు, గ్రీన్ టీ సారం పరీక్షలకు నిలిచి జననాంగాల పులిపిర్లకు ఆధునిక మందులయ్యాయి. అదే పులిపిర్లకు ఇంట్లో జీడిగింజ రసమో, జిల్లేడు పాలో పూస్తే మాత్రం చర్మం పొక్కిపోతుంది.

2022లో పశువుల్లో ముద్దచర్మ వ్యాధి విజృంభించినప్పుడు ఆకా, టీకానా అన్న వాదన మళ్లీ మొదటికొచ్చింది. తమలపాకు, మిరియాలు, ఉప్పు, బెల్లం నూరి పెట్టమన్నారు. మేకల మశూచి టీకా కూడా వేయించారు. టీకాకు కారణమైన ఆవుకే ఇప్పుడు మశూచి కుటుంబపు వైరస్!

కాబట్టి గుమ్మానికి మండ కట్టండి, పొక్కులు ఎండి చెక్కు కట్టేదాకా బిడ్డను బడికి పంపకండి. పసికందుకో, గర్భిణికో, పెద్దవారికో సోకితే మాత్రం ఆకు కోసం ఆగొద్దు. అదే వైరస్ తర్వాతెప్పుడో తెచ్చే సర్పికైనా మందు 72 గంటల్లోపు మొదలుపెడితేనే మేలు.