మార్జాలము - గవాక్షము - పక్షిగూడు: టెక్కలి, ఉద్దాన ప్రాంతముల పక్షిరక్షణమును గూర్చి యొక పరిశీలనము

పలాస, కాశీబుగ్గ, టెక్కలి మొదలగు పట్టణములందు నేటి యిండ్లలో కానవచ్చు దృశ్యమొకటి కలదు. మూసిన అద్దపు కిటికీకడ పెంపుడుపిల్లి కూర్చుండును. వెలుపల పెరటి కొబ్బరిమట్టపై పక్షి వ్రాలును. పిల్లి చెవులు నిక్కించి, తోకకొన నాడించుచు, దవడ లదరించి కిటకిటమను వింతధ్వని చేయును. అద్ద మడ్డముగా నుండుటచే పక్షికి భయము లేదు, చూచువారికి వినోదము. కాని యీ చిన్నదృశ్యము వెనుక గల చరిత్ర చిన్నది కాదు. పిల్లి యెట్లు ఇంటిలోనిదైనది? పక్షి యెట్లు ఇంటివారిని నమ్మినది? ఈ రెంటి నడుమ కావలి యెవరిది? టెక్కలి ప్రాంతమును, ఉద్దానతీరమును ఆధారముగా గొని యీ మూడు ప్రశ్నలను విచారించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదట శబ్దసాక్ష్యమును పరికింతము. అమరకోశమున సింహాదివర్గమునందు పిల్లికి ఓతువు, బిడాలము, మార్జారము, వృషదంశకము, ఆఖుభుక్కు అను నైదు పేర్లు కానవచ్చును. ఆఖుభుక్కనగా ఎలుకను తినునది. వృషశబ్దమునకు ఎలుక యను నర్థము నిఘంటువులలో నుండుటచే వృషదంశకమును ఆ యర్థముననే గ్రహింపవచ్చును. మార్జారమనగా శుభ్రపరచుకొనునది; నాలుకతో మేనిని తుడుచుకొను స్వభావమునుబట్టి వచ్చిన పేరని చెప్పుదురు. ఈ పేర్లలో ఎలుక కలదు గాని పక్షి లేదు. తెలుగు సామెతలయందును ఇదియే స్థితి. పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము అన్నచోట ఎలుకయే. పిల్లిశాపములకు ఉట్లు తెగవన్నచోట ఉట్టిమీది పాలు పెరుగులే. అనగా జనులు పిల్లికి పేరు పెట్టినది అది తమ యింట చేయు పనినిబట్టి. అది పక్షులకు చేయు కీడు నామములలో చోటు సంపాదింపలేదు. కథలలో మాత్రము సంపాదించినది.

పిల్లి యింటికి వచ్చిన కారణమును పురాతత్త్వము సమర్థించుచున్నది. సైప్రస్ ద్వీపమున సుమారు 9500 సంవత్సరములనాటి సమాధిలో మనుష్యునిచెంత పాతిపెట్టబడిన పిల్లి యస్థిపంజరము బయల్పడినట్లు 2004లో ప్రకటింపబడినది. పంట నిలువజేయుటతో ఎలుక వచ్చినది. ఎలుకవెంట పిల్లి వచ్చినది. ఉద్దానమునకును ఇది వర్తించును. ఉద్యానశబ్దమునుండి వచ్చినదని చెప్పబడు ఈ పేరు గల సీమ ఇచ్ఛాపురము, కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస పరిసరములందలి కొబ్బరి, జీడిమామిడి, పనసతోటల ప్రదేశము. కొబ్బరిచెట్టు తలకెక్కి లేతకాయలను కొరుకు ఎలుక తోటకు శత్రువు. గాదెలను పురులను తొలుచు ఎలుక ఇంటికి శత్రువు. కావున పిల్లి యిచ్చట విలాసమునకు పెంచబడినది కాదు. దానికి పాలబువ్వ కొంతయే. మిగిలినది అది సంపాదించుకొనవలసినదే. ఎలుకను వెదకుచు రాత్రియెల్ల తిరుగు పిల్లికి త్రోవలో దొరకిన పిట్టపిల్ల నిషిద్ధము కాదు.

ఇక కిటికీ మాట. సంస్కృతమున దీనికి వాతాయనమనియు, గవాక్షమనియు పేర్లు కలవు. మొదటిది గాలి వచ్చు త్రోవ, రెండవది ఆవుకన్ను. పాత కిటికీ ఈ రెండర్థములను ఒక్కమారే నెరవేర్చెడిది. ఊచల సందునుండి చూపు పోవును, గాలి వచ్చును, పిల్లియు పోయి వచ్చును. తాటాకు కప్పు క్రింద, మట్టిగోడల నడుమ జీవించిన పిల్లికి లోపల వెలుపల అను భేదమే లేదు. గోడమీది పిల్లి యను మన పలుకుబడి యీ గృహనిర్మాణమునుండి పుట్టినదే. ఆ పిల్లి యేవైపునకైనను దుముకగలదు. అందుచేతనే అది నిశ్చయము లేనివానికి ఉపమానమైనది. అద్దపు తలుపుల కిటికీ వచ్చిన పిదప స్థితి మారినది. అద్దము వాతాయనధర్మమును ఆపి గవాక్షధర్మమును మాత్రమే నిలుపును. చూపు పోవును, గోరు పోదు. కిటికీకడి పిల్లి గోడమీది పిల్లికి వారసురాలే గాని, దుముకుటకు దానికి రెండవవైపు లేదు.

ఇచ్చట జరద్గవ మార్జాలవృత్తాంతమును స్మరింపవలెను. హితోపదేశమునందలి యీ కథ, 1853లో వెలువడిన పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రికయందలి మిత్రలాభముద్వారా తెలుగు విద్యార్థులకు తరతరములుగా పరిచితమైనది. భాగీరథీతీరమున గృధ్రకూటమను పర్వతముమీద నొక జువ్విచెట్టు. దాని తొఱ్ఱలో జరద్గవమను ముసలిగ్రద్ద. దానికి కన్నులు లేవు. చెట్టుమీది పక్షులు తమ యాహారమున కొంత దానికిచ్చును. అది వాని పిల్లలకు కావలి యుండును. దీర్ఘకర్ణమను పిల్లి వచ్చి, తాను వ్రతనిష్ఠలో నున్నట్లును, ధర్మము వినగోరి వచ్చినట్లును చెప్పి ప్రవేశము సంపాదించును. పిదప పిల్లలను తిని, యెముకలు తొఱ్ఱలో విడిచి పారిపోవును. పక్షు లాయెముకలను చూచి జరద్గవమే తిన్నదనుకొని దానిని చంపును. కులశీలములు తెలియనివానికి చోటీయరాదను నీతి అందరు నెరిగినదే. కాని మన ప్రస్తుతవిషయమునకు ముఖ్యమైనది వేరొకటి. ఈ కథలో దొంగకు శిక్ష లేదు, శిక్ష కావలివానికి. అతని దోషము చూడలేకపోవుట; చూపులేని చోట మాటను నమ్ముట. జరద్గవమనగా ముసలియెద్దు, గవాక్షమనగా ఆవుకన్ను. ఇది కేవలము శబ్దసామ్యమే యైనను, కన్నులేని కావలి కావలి కాదను కథాసారమును మనసున నిలుపుటకు తోడ్పడును.

కథయందలి నాలుగంగములు, అనగా చెట్టు, పిల్లలు, కావలి, పిల్లి, శ్రీకాకుళం జిల్లాలో రెండు గ్రామములందు నేటికిని ప్రత్యక్షముగా నున్నవి. టెక్కలి మండలమున, నౌపడ చేరువనున్న తేలినీలాపురమునకు గూడబాతులును, ఎర్రకాళ్ళ కొంగలును యేటేట శరత్కాలమున వచ్చి, ఇండ్లనడుమ చెట్లపై గూళ్ళు కట్టి, పిల్లలను పెంచుకొని, వేసవి ముదురకమునుపే వెడలిపోవును. ఇచ్ఛాపురము సమీపమునందలి తేలుకుంచికి నత్తగుల్లకొంగలు తొలకరితో వచ్చి, శీతకాలారంభమున మరలును. వానిరాకను గ్రామస్థులు శుభముగా తలంతురు. రాకున్న కీడని శంకింతురు. పెరటిచెట్టు రెట్టతో తెల్లబారినను, నీచువాసన వీధినిండినను చెట్టు నరుకరు, గూడు చెరుపరు. పిల్లులును ఆ వీధులలోనే తిరుగుచుండును.

ఈ పక్షులను జనులు సైబీరియా పక్షులందురు. ఈ వ్యవహారమును చరిత్రకారుడు గౌరవింపవలెను, కాని పరీక్షింపవలెను. వలసపక్షులు సామాన్యముగా గ్రుడ్లు పెట్టుచోటు ఒకటి, శీతకాలము గడపుచోటు వేరొకటి. సైబీరియాలో పుట్టు పక్షి పిల్లలను అచ్చటనే పెంచును. మన దేశమునకు మేతకై మాత్రమే వచ్చును. తేలినీలాపురమున నున్నవి గూళ్ళు. ఈ గూడబాతు భారతదేశము, సింహళము, కంబోడియా మొదలగు దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశములయందే సంతానము పొందుజాతి. అనగా అది అతిథి కాదు, పుట్టింటికి వచ్చు ఆడుబిడ్డవంటిది. ఈ సవరణ గ్రామస్థుల ఘనతను తగ్గించునది కాదు, పెంచునది. దూరమునుండి వచ్చిన యతిథికి నాలుగుదినములు ఆతిథ్యమిచ్చుట సులభము. పురిటికి చోటిచ్చి, రెక్కవచ్చు నంతవరకు పిల్లలను కాచుట కష్టము. గ్రుడ్లు పొదుగుటకు ఇంచుమించు నెల పట్టును. పిల్ల యెగురునప్పటికి మరికొన్ని నెలలు గడచును. అన్ని నెలలు పక్షి పారిపోలేదు. నమ్మకముండిననేగాని గూడుండదు. గూడే యిచ్చట శాసనము.

ఇట్టి గ్రామరక్షణమునకు రాజముద్ర పడిన సందర్భమును దక్షిణదేశమున చూడవచ్చును. సైనికులు వేదాంతాంగల్ పక్షులను కాల్చుచుండగా గ్రామస్థులు మొరపెట్టుకొనిరి. 1798లో చెంగల్పట్టు కలెక్టరు లయొనెల్ ప్లేస్ వారి రక్షణాధికారమును గుర్తించెను. గ్రామమే కావలి యనియు, ప్రభుత్వ మాకావలికి తోడనియు దీనివలన తేలుచున్నది. ఇందుకు ప్రతికూలోదాహరణము మన రాష్ట్రముననే కలదు. నాటి పశ్చిమగోదావరి జిల్లా ఆరేడు గ్రామపు గూడబాతుల నివాసమును 1946లో కె. కె. నీలకంఠన్ చూచి, 1949లో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘపు పత్రికలో వర్ణించెను. ఆ ప్రసిద్ధనివాసము తరువాతి దశాబ్దములలో శూన్యమైనది. ఒకసారి వ్రాయబడిన గూటిశాసనము నిత్యము కాదు. ప్రతివత్సరము మరల వ్రాయబడవలెను.

కావలి విఫలమైనచోట పిల్లి యేమి చేయగలదో ప్రపంచచరిత్ర చెప్పుచున్నది. న్యూజీలాండునందలి స్టీఫెన్సు ద్వీపమున 1894లో దీపస్తంభము వెలిగినది. అచ్చటికి మనుష్యులతో పిల్లులును చేరినవి. ఎగురలేని యొక చిన్నపిట్ట ఆ ద్వీపమునుండి కొలదికాలములోనే అంతరించినది. అమెరికా సంయుక్తరాష్ట్రములలో పిల్లులవలన యేటేట 130 కోట్లనుండి 400 కోట్లవరకు పక్షులు చచ్చునని 2013లో ప్రకటింపబడిన పరిశోధనము లెక్కకట్టినది. అందధికభాగము యజమానులు లేని పిల్లుల పని. గూళ్ళున్న యూరిలో నేలరాలిన పక్షిపిల్లకు చెట్టుక్రింది పిల్లియే మొదటి మృత్యువు. కావున పిల్లిని లోపల నుంచి కిటికీనుండి చూడనిచ్చుట నగరవాసుల ముద్దుమాత్రమే కాదు. జరద్గవమునకు లేని కన్నును, దీర్ఘకర్ణమునకు లేని నిగ్రహమును ఆ యద్దము సమకూర్చుచున్నది.

అయినను ఈ వాదము నింతటితో ముగించుట న్యాయము కాదు. పిల్లి కంటికి కనబడు శత్రువు. కనబడని శత్రువు లింతకంటె బలీయములు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస చేరువను తీరముదాటి, ఉద్దానమున కొబ్బరి, జీడితోటలను నేలగూల్చెను. చెట్టు పోయినపుడు గూడెక్కడ? 2021 చివరను, 2022 మొదటను తేలినీలాపురమున వందకు పైగా గూడబాతులు చనిపోయెను. కారణము పొట్టలోని పరాన్నజీవులగు పురుగులని పరీక్షలలో తేలినది. చేపలను తిను పక్షులకు ఇట్టి పురుగులు సామాన్యముగా చేపలద్వారానే సంక్రమించును. చెట్టుక్రింద కాచియున్న గ్రామస్థుడు ఆ మృత్యువును తరుమలేకపోయెను. అది గూటికి పిల్లివలె ప్రాకివచ్చినది కాదు, మేతతో వచ్చినది.

గూడు గ్రామములో నున్నను మేత నౌపడ తంపరనేలలలో నున్నది. ఈ సీమలో తంపర, బీల యనుమాటలు నీరునిలిచెడి పల్లపునేలలకు పేర్లు. వాని చేపలు పక్షులకును, జాలరులకును ఉమ్మడి యాస్తి. సోంపేట బీలను, కాకరాపల్లి తంపరను విద్యుత్కేంద్రముల కీయవలదని జనులు ఎదిరించినపుడు, 2010 జూలై 14న సోంపేటలోను, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలోను పోలీసుకాల్పులు జరిగి కొందరు ప్రాణములు కోల్పోయిరి. వారు పోరాడినది తమ బ్రతుకుతెరువుకొరకు. అయినను ఆ నీటినే పక్షియు నమ్ముకొనియున్నది. తంపర యెండిన నాడు తేలినీలాపురపు చింతచెట్టును ఎంత భక్తితో కాచినను ప్రయోజనము లేదు.

పైవిచారణవలన తేలిన విషయము లివి. పిల్లి ధాన్యమునకై ఇంట ప్రవేశించినది, దానిపేర్లే సాక్షులు. పక్షి మనుష్యుని నమ్మి యింటిచెంత గూడుకట్టినది. ఏటేటి గూళ్ళే సాక్షులు. రెంటినడుమ కావలి మనుష్యునిది. జరద్గవకథ యందలి శిక్షయే సాక్షి. పూర్వు లీకావలిని ఆచారముతో నడిపిరి. 1972నాటి వన్యప్రాణిరక్షణచట్టము దానికి శాసనబలము నిచ్చినది. నేటి గృహస్థుడు కిటికీతలుపు మూసి దానిలో తనపాలు చేయగలడు. కాని కావలివాని చూపు కిటికీకడనే, చెట్టుకడనే ఆగరాదు, తంపరవరకు సాగవలెను. కథలో పక్షులు తొఱ్ఱలోని యెముకలను చూచిన పిదపనే మేల్కొన్నవి. తేలినీలాపురమున చెట్లక్రింద గూడబాతులు రాలిన ఆ శీతకాలమున మనమును ఎముకలను చూచితిమి.