అగరు తైలం: పొరలు పొరలుగా పరిమళం

నల్లమల, ఎర్రమలల నడుమ కుందూ నది లోయలో నంద్యాల, ఆళ్ళగడ్డ పట్టణములున్నవి. ఆళ్ళగడ్డ నుండి అహోబిలము వైపు పోయిన కొలది అడవి చిక్కనగును. నల్లమల కొండలలోని అందుగ చెట్టు బెరడును గాటు పెట్టిన యెడల సాంబ్రాణి వంటి సువాసన గల జిగురు కారును. కాని అగరు చెట్టు అచ్చట సహజముగా పెరగదు. దాని పుట్టినిల్లు అస్సాము మొదలు మలయా, ఇండోనీషియాల వరకు గల తడి అడవులు. అయినను అగరువత్తి లేని తెలుగు ఇల్లు అరుదు. నేటి వత్తులలో పేరే గాని అగరు ఉండుట తక్కువ!

ఈ దూరపు సరకును దగ్గరి సరకులతో కలుపు శాస్త్రము మన దేశమున చాల పాతది. 6వ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితలో 'గంధయుక్తి' అను అధ్యాయము వ్రాసినాడు. 16 గళ్ళ చతురస్రమున 16 ద్రవ్యములను, వాని పాళ్ళను అమర్చినాడు. అగరు 2 పాళ్ళు, చందనము 7, అందుగ జాతి జిగురగు కుందురుకము 1. నిలువుగా గాని, అడ్డముగా గాని, మూలగా గాని కూడినచో మొత్తము 18. పదునారింటిలో నాలుగేసి ఎన్నుకొన్నచో 1820 విధములగునని కూడ ఆయన లెక్క కట్టినాడు. సుగంధము కొరకు చేసిన ఈ లెక్క గణితచరిత్రలో కూడ చోటు సంపాదించుకొన్నది.

తెలుగుదేశమునకు పరిమళద్రవ్యములు సముద్రము మీదుగా వచ్చెడివి. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము చందనము, కర్పూరము, పన్నీరు, జవ్వాజి వంటి వానిపై సుంకములను నిర్ణయించినది. అహోబిలము కొండకు మెట్లు కట్టించిన ప్రోలయ వేమారెడ్డి వంశీయుడే కుమారగిరిరెడ్డి. వసంతోత్సవములలో వెదజల్లిన కర్పూరము వలన ఆయనకు 'కర్పూర వసంతరాయలు' అను బిరుదు వచ్చినది. ఆయనకు సుగంధద్రవ్యములు సమకూర్చిన అవచి తిప్పయసెట్టికే శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చినాడు.

హైదరాబాదు అత్తరు దుకాణములలో 'ఊద్' అనునది ఈ అగరే. దానిని గులాబి, చందన తైలములతో కలిపి చేతికి రాసినచో ముందు గులాబి తెలియును. గులాబిలోని జెరానియాల్ అణువున కార్బన్ పరమాణువులు 10 మాత్రమే. అది తేలికగా ఆవిరియగును. చందనము, అగరుల ముఖ్య పదార్థములలో 15 ఉండును గనుక అవి నెమ్మదిగా లేచును. ఆ బరువైన నూనెలు గులాబిని కూడ కొంతసేపు పట్టి ఉంచును. అగరు చెక్కను నిప్పుపై వేసినప్పుడు వచ్చు వాసన మరియొకటి. నూనెలోనికి అంతగా దిగని క్రోమోనులు వేడికి విడిపోయి తీపి పరిమళమునిచ్చును.

ఇంతటి వాసన ఆరోగ్యముగా ఉన్న చెట్టులో లేనే లేదు. దాని కొయ్య తెల్లగా, తేలికగా ఉండును. పురుగు తొలిచియో, కొమ్మ విరిగియో గాయమైన చోట శిలీంధ్రము చేరినప్పుడు చెట్టు ఆత్మరక్షణకై నల్లని రెసిన్‌ను ఊరించును. ఏ చెట్టులో అది ఉన్నదో పైకి స్పష్టముగా తెలియదు. అందుచే ఒక్క దాని కొరకు పెక్కు చెట్లు నరికినారు. 1995లో అంతర్జాతీయ ఒప్పందము అగరు వ్యాపారమునకు హద్దులు విధించినది. రాయలసీమ ఎర్రచందనము కూడ ఆ యేడే ఆ పట్టికకెక్కినది. నేడు అస్సాములో పెరటి తోటలలోనే అగరును పెంచుచున్నారు. కాండము తొలుచు పురుగు రాకకై రైతులు ఎదురుచూతురు.