పాలమూరుకి ఆన్‌సైట్ వచ్చినవాళ్ళు

మన ఫీల్డులో ఆన్‌సైట్ అంటే ఏంటో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆర్నెల్లకని వెళ్ళి ఆరేళ్ళు ఉండిపోయినవాళ్ళున్నారు, రెండో చలికాలానికే పెట్టె సర్దుకుని వచ్చేసినవాళ్ళూ ఉన్నారు. సరిగ్గా దీన్ని తిరగేసిన కథ ఒకటి మా జిల్లాలో జరిగింది. మొదట రష్యా నుంచి, తర్వాత అమెరికాలోని కాన్సాస్ లాంటి చోట్ల నుంచి, పెళ్ళయిన కొత్తలోనే భార్యాభర్తలు నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల వైపు వచ్చారు. ఇరవై, ముప్పై, కొందరైతే నలభై ఏళ్ళు కాపురాలు చేశారు. తెలుగు నేర్చుకున్నారు, పిల్లల్ని కన్నారు, కొందరు ఇక్కడి మట్టిలోనే కలిసిపోయారు. పాలమూరోళ్ళం మట్టి పని వెతుక్కుంటూ దేశమంతా తిరుగుతుంటే, వీళ్ళు మాకు ఎదురొచ్చారన్నమాట :)

నాది వనపర్తి వైపు. "ఎం.బి. చర్చి", "మిషన్ కాంపౌండ్" అనే మాటలు చిన్నప్పట్నుంచీ వింటున్నవే. ఎం.బి. అంటే మెన్నోనైట్ బ్రదరన్. (అప్పట్లో ఇదంతా మహబూబ్‌నగర్ జిల్లా. 2016 అక్టోబరులో నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల మూడూ మూడు జిల్లాలయ్యాయి.)

ఇంతకీ ఎవరీ మెన్నోనైట్లు? 16వ శతాబ్దంలో యూరప్‌లో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ. బాప్తిస్మం పసిపిల్లలకి కాదు, ఊహ తెలిశాక తనంతట తాను ఒప్పుకున్నవాళ్ళకే ఇవ్వాలంటారు. ఆయుధం పట్టరు, సైన్యంలో చేరరు. ఈ రెండో పట్టుదల వల్ల వాళ్ళకి ఒక చోట నిలకడ లేకపోయింది. నెదర్లాండ్స్ నుంచి విస్తులా నది ఒడ్డుకి, అక్కణ్ణుంచి 18వ శతాబ్దం చివర్లో రష్యా రాణి కాథరీన్ భూములిస్తానంటే ఇప్పటి ఉక్రెయిన్‌కి వెళ్ళారు. అక్కడా సైన్యం గొడవ మొదలైతే 1874 నుంచి చాలామంది కాన్సాస్ బాట పట్టారు. అంటే దొరల బిడ్డలేం కాదు. గోధుమ పండించుకునే రైతులు, తరతరాలుగా వలస పోయినవాళ్ళు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

రష్యా నుంచి అబ్రహాం ఫ్రీజెన్, మరియా దంపతులు 1890లో నల్లగొండలో పని మొదలుపెట్టారు. సొంత మిషన్ లేదు కాబట్టి అమెరికన్ బాప్టిస్టుల కింద చేరారు. బాప్టిస్టులు 1836 నుంచీ తెలుగునాట ఉన్నవాళ్ళు. పాలమూరులో 1885లోనే స్టేషన్ పెట్టిన ఎల్బర్ట్ చ్యూట్ కూడా వాళ్ళ మనిషే. అమెరికా మెన్నోనైట్ బ్రదరన్ల తరఫున తొలి జంట, ఎన్.ఎన్. హీబర్ట్, సూసీ, 1899లో వచ్చారు. ఒంట్లో బాగోక 1901లో తిరిగి వెళ్ళిపోయారు. మన భాషలో రెండో చలికాలం బ్యాచ్. కానీ ఆ ఇంటిపేరు మళ్ళీ వస్తుంది.

తర్వాత వచ్చినవాళ్ళు నిలబడ్డారు. డేనియల్ బెర్గ్‌తోల్డ్ 1904లో భార్య టీనాతో వచ్చాడు. ఏడాది తిరక్కుండానే ఆమె చనిపోయింది. అప్పటికే మిషన్‌లో పనిచేస్తున్న ఆనా సుడర్మన్‌ని పెళ్ళి చేసుకుని, నాగర్‌కర్నూలులో స్టేషన్ కట్టి, దాదాపు నలభై ఏళ్ళు ఈ దేశంలోనే ఉన్నాడు. దేవరకొండలో వోత్ దంపతులు, వనపర్తిలో జాంజెన్ దంపతులు, శంషాబాద్‌లో పంక్రాట్జ్ దంపతులు. బాప్టిస్టుల చేతిలో ఉన్న మహబూబ్‌నగర్, గద్వాల 1937లో వీళ్ళకొచ్చాయి.

వీళ్ళ కాపురం ఎలా ఉండేది? ఊరి బయట పెద్ద జాగా, చుట్టూ గోడ, మధ్యలో మందపాటి గోడల బంగళా, బావి, బోర్డింగ్ స్కూలు, చిన్న దవాఖానా. చలికాలం వస్తే ఎద్దుబండి మీద గుడారం, వంట సామాను వేసుకుని పల్లెలు తిరగడం. నాగర్‌కర్నూలుకి ఈనాటికీ రైలు లేదు. వనపర్తి రోడ్డు అని స్టేషనుంది గానీ అది వనపర్తిలో లేదు. గద్వాల సంగతి చెప్పేదేముంది, అటు కృష్ణ, ఇటు తుంగభద్ర, మధ్యలో నడిగడ్డ. ఎండాకాలం మాత్రం కొండల మీదికి వెళ్ళేవాళ్ళు. చాలా మిషనరీ ఇళ్ళ పిల్లలు కొడైకెనాల్‌లో హాస్టల్లో చదివారు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇంట్లో పిల్లలుండరు. ఎదురుగా బోర్డింగ్‌లో మాత్రం వందమంది ఊరి పిల్లలు. ఆ తల్లుల మనసులో ఏముండేదో రిపోర్టుల్లో దొరకదు. రిపోర్టుల్లో చాలావరకు వాళ్ళు ఫలానా ఆయన భార్యగానే కనిపిస్తారు. పేరుతో నిలిచినావిడ అంటే, జంటగా కాకుండా ఒంటరిగా వచ్చిన డాక్టర్ కాతరీనా షెల్లెన్‌బర్గ్. 1907లో వచ్చి, 1945లో శంషాబాద్‌లో పోయేదాకా వైద్యం చేస్తూనే ఉంది.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న సంగతి ఇక్కడికొస్తుంది. కాన్సాస్‌లో రైతుబిడ్డ, గద్వాలలో దిగేసరికి "దొర". ఆయన భార్య "దొరసాని". తెలంగాణలో దొర అనే మాటకి ఎంత బరువుందో మనకి తెలుసు. సంస్థానం రాజులతో జాగా మాట్లాడేది దొర, జీతాలిచ్చేది దొర, ఎవరికి బాప్తిస్మం ఇవ్వొచ్చో తేల్చేది దొర. ఆయుధం పట్టని శాఖవాడికి కూడా, పట్టకుండానే అంత అధికారం వచ్చి పడింది. మనకి ఆన్‌సైట్‌లో జరిగేది దీనికి పూర్తిగా తిరగబడిన వ్యవహారం.. ఊళ్ళో పటేలు గారి మనవడు అక్కడికెళ్ళి "రిసోర్స్" అవుతాడు.

వాళ్ళ దగ్గరికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మాల, మాదిగ వాడల వాళ్ళు. ఊరి బడి గడప ఎక్కనివ్వని రోజుల్లో వాళ్ళ పిల్లలు కాంపౌండ్‌లో అక్షరాలు దిద్దారు. దీన్ని "మత మార్పిడి" అని ఒక్క మాటతో కొట్టిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించను. అట్లాగని అంతా సేవే, ఇంకేం లేదు అనేవాళ్ళతోనూ ఒప్పుకోను. లోపలికి రావాలంటే ఇది మానాలి, అది మానాలి అని పెద్ద జాబితా ఉండేది. కాంపౌండ్ గోడ కంటే ఆ జాబితా ఎత్తు ఎక్కువ.

ఆ గోడ గురించి సూటిగా అడిగినవాడు మళ్ళీ ఆ హీబర్ట్ల ఇంట్లోనే పుట్టాడు. 1899లో వచ్చిన జంటకి మనవడు, పాల్ హీబర్ట్. 1932లో శంషాబాద్‌లో పుట్టాడు. పెద్దయ్యాక భార్య ఫ్రాన్సెస్‌తో కలిసి మిషనరీగా తిరిగొచ్చాడు. 1960లలో ఇక్కడి కొందూరు అనే పల్లెలో కులాలు, పంచాయితీలు, ఇచ్చిపుచ్చుకోవడాలు అన్నీ దగ్గర్నుంచి చూసి, 1971లో "కొందూరు" పేరుతోనే మానవశాస్త్ర గ్రంథం అచ్చువేశాడు. తర్వాత 1978లో ఒక వ్యాసం రాశాడు. అందులో ప్రశ్న ఇది. పాపయ్య అనే రైతు పొలం నుంచి వస్తాడు. ఊళ్ళోకొచ్చిన ఎవరో కొత్త మనిషి చెప్పింది విని, ఆ దేవుడికీ దండం పెడతాడు. అతనికి చదువు రాదు. "దేవుడు" అన్న మాట అతని లెక్కలో ఎందరో దేవుళ్ళలో ఒకడు. ఇప్పుడు పాపయ్య క్రైస్తవుడా, కాదా?

జవాబు కోసం హీబర్ట్ వెళ్ళింది బైబిలు దగ్గరికి ఒక్కటే కాదు, లెక్కల్లో సెట్ థియరీ దగ్గరికి! ఒక రకం సెట్‌కి గీత ఉంటుంది. షరతులన్నీ తీరితే లోపల, లేకపోతే బయట. ఇంకో రకం సెట్‌కి ముందు కేంద్రం ఉంటుంది. మనిషి ఎంత దూరంలో ఉన్నాడని కాదు, ఎటు తిరిగి నడుస్తున్నాడని చూస్తారు. మన భాషలో మొదటిది బూలియన్, రెండోది వెక్టర్. రెండో లెక్కలో పాపయ్యని వెంటనే బయటికి నెట్టక్కర్లేదు. ఆ వ్యాసం ప్రపంచమంతా మిషనరీ కాలేజీల్లో పాఠమైంది. తాత, తండ్రి జనానికి నేర్పడానికి వచ్చిన నేల మనవడికి ప్రశ్న నేర్పింది. నా మటుకు ఆ జంటల డెబ్బై ఏళ్ళ కథలో అన్నిటికంటే విలువైన సంగతి ఇదే.

మిషనరీల సంగతి సరే, సర్కారు మాత్రం బూలియన్ దగ్గరే ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులం హోదా హిందువులకే. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుల్ని కలపలేదు. మన దగ్గర మారినవాళ్ళనీ వాళ్ళ సంతానాన్నీ బి.సి.-సిలో పెట్టారు, కోటా ఒక్క శాతం. వాడ మారదు, చుట్టాలు మారరు, ఊళ్ళో పిలిచే పిలుపు మారదు, సర్టిఫికెట్‌లో కాలమ్ మాత్రం మారుతుంది. అందుకే చాలా ఇళ్ళల్లో రెండు పేర్లుంటాయి. మా ఇంజనీరింగ్ బ్యాచ్‌లో ఒకడికి బడి రిజిస్టర్‌లో ఒక పేరు, చర్చిలో ఇంకొకటి. కౌన్సెలింగ్ రోజు ఎవరైనా రెండో పేరుతో పిలుస్తారేమోనని వాళ్ళ నాన్న పొద్దున్నుంచీ గేటు బయటే నిలబడ్డాడు. దీన్ని మోసం అనే మిత్రులున్నారు నాకు. వాళ్ళని పాపయ్య కథ చదవమంటాను.

పాల్ హీబర్ట్ 2007లో పోయాడు. దొరలు 1970ల నాటికే దాదాపుగా వెళ్ళిపోయారు. తెలుగు ఎం.బి. సంఘం మాత్రం ప్రపంచంలోని మెన్నోనైట్ బ్రదరన్ సంఘాల్లో పెద్దవాటిలో ఒకటి ఇవాళ. జడ్చర్లలో 1950ల మొదట్లో పెట్టిన ఆసుపత్రి పేరు మా వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ తలుస్తారు. "కొందూరు" పుస్తకం ఎక్కడైనా దొరికితే పంచాయితీల అధ్యాయం ముందు చదవండి, మీ ఊరి తగాదాలన్నీ గుర్తొస్తాయి.