ఆట ఎవరిది? డబ్బు ఎవరిది? – సి.కె. నాయుడు నుంచి అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ దాకా

చీరాల నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్‌లో ఒక చిన్న ప్రశ్న వేసుకుందాం. పదకొండు మంది మైదానంలో చెమటోడుస్తారు, వేలమంది టికెట్ కొని చూస్తారు. ఆ వచ్చిన డబ్బులో ఆడినవాడికి ఎంత రావాలి?

మన చీరాలలో ఈ ప్రశ్న ఎవరికీ కొత్త కాదు. షావుకారు నూలు ఇస్తాడు, పట్టు ఇస్తాడు, డిజైన్ ఇస్తాడు. నేతగాడు మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కుప్పడం చీర నేస్తాడు. చీరకి ఇంత అని మజూరీ తీసుకుంటాడు. అదే చీర షాపులో ఎంతకి అమ్ముడుపోయిందో అతనికి సంబంధం లేదు. సరే, మజూరీ తక్కువే అనుకుందాం. కానీ "నువ్వు నేసేది కళ కోసం, కాబట్టి మజూరీ అడగకూడదు" అని ఏ షావుకారూ అనలేదు కదా! అమెరికాలో యూనివర్సిటీలు మాత్రం తమ ఆటగాళ్లతో దాదాపు వందేళ్లు అదే మాట అన్నాయి.

మన పిల్లలు చాలామంది అక్కడ చదువుతున్నారు కాబట్టి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. అక్కడ కాలేజీ ఫుట్‌బాల్ అంటే మన ఇంటర్ కాలేజీ పోటీల్లాంటిది కాదు. లక్షమందికి పైగా పట్టే స్టేడియంలు ఉన్నాయి. టీవీ హక్కులు వందల కోట్ల డాలర్లకి అమ్ముతారు. పేరున్న కోచ్‌కి ఏడాదికి కోటి డాలర్ల జీతం. ఆడే కుర్రాడికి ఇటీవలి దాకా? ఫీజు, హాస్టలు, భోజనం. అంతే. అంతకు మించి తీసుకుంటే నేరం కిందే లెక్క. ఆటలు నడిపే ఎన్‌సీఏఏ అనే సంస్థ వాణ్ణి ఆడకుండా నిలిపేసేది.

దీనికి వాళ్లు వాడిన మాట "స్టూడెంట్ అథ్లెట్". వినడానికి బాగుంటుంది. కానీ 1950లలో ఆ మాట ఎందుకు పుట్టిందో చూడాలి. 1955లో కొలరాడోలోని ఒక కాలేజీ తరఫున ఆడుతూ రే డెనిసన్ అనే ఆటగాడు తలకి దెబ్బ తగిలి చనిపోయాడు. పనిలో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి వచ్చే పరిహారం తనకీ ఇమ్మని భార్య అడిగింది. 1957లో కొలరాడో సుప్రీం కోర్టు ఇవ్వక్కర్లేదంది. ఫుట్‌బాల్ ఆడటం కాలేజీలో ఉద్యోగం కాదు అన్నమాట. ఆటగాడు ఉద్యోగి అని ఒక్కసారి ఒప్పుకుంటే జీతం, బీమా, పరిహారం అన్నీ ఇవ్వాలి. "విద్యార్థి" అంటే ఏదీ ఇవ్వక్కర్లేదు. ఆ పదం వెనకున్న లెక్క అదీ. ఎన్‌సీఏఏని దశాబ్దాల పాటు నడిపిన వాల్టర్ బయర్స్ స్వయంగా, రిటైరయ్యాక 1995లో పుస్తకం రాసి, ఈ వ్యవస్థ ఆటగాళ్లకి అన్యాయం చేస్తోందన్నాడు.

ఇప్పుడు మన వైపు వద్దాం.

సి.కె. నాయుడు గారు, అంటే కొఠారి కనకయ్య నాయుడు. నాగపూర్‌లో పుట్టిన తెలుగువాడు. 1932లో మన దేశం మొదటి టెస్టు ఆడినప్పుడు కెప్టెన్. ఆ రోజుల్లో క్రికెట్ ఆడి బతకడం అనే మాటే లేదు. మరి ఇల్లెలా గడిచింది? 1923లో ఇండోర్ హోల్కర్ మహారాజు ఆయన్ని తన సైన్యంలో కెప్టెన్‌గా తీసుకున్నాడు. జీతం సైన్యానిది, పని క్రికెట్‌ది. మహారాజుకి జట్టు దక్కింది, నాయుడికి అన్నం దక్కింది.

ఇంకో సంగతి కూడా ఉంది. 1941లో ఆయన బాత్‌గేట్ కంపెనీ లివర్ టానిక్ ప్రకటనలో కనిపించారు. ఒక వస్తువుకి ప్రచారం చేసిన తొలి భారత క్రికెటర్‌గా ఆయన్నే చెప్తారు. తన పేరు, తన బొమ్మ, దాని మీద వచ్చే డబ్బు తనది. అమెరికాలో కాలేజీ ఆటగాడికి ఈ మాత్రం హక్కు ఎప్పుడొచ్చిందో తెలుసా? 2021 జూలైలో! నాయుడు గారి టానిక్ తర్వాత సరిగ్గా ఎనభై ఏళ్లకి.

రెండో కథ హైదరాబాద్‌ది. సయ్యద్ అబ్దుల్ రహీం గారు స్కూలు టీచరు. అందరూ ఆయన్ని రహీం సాబ్ అనేవాళ్లు. ఆయన చేతిలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయనే కోచ్‌గా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. ఆ జట్లలో హైదరాబాద్ కుర్రాళ్లు చాలామంది.

అప్పట్లో ఒలింపిక్స్ ఆడాలంటే అమెచ్యూర్ అయి ఉండాలి, ఆటకి డబ్బు పుచ్చుకోకూడదు. మరి సికింద్రాబాద్ అమ్ముగూడలోని తులసీదాస్ బలరాం లాంటి పేద పిల్లాడు ఎలా ఆడాలి? ప్రాక్టీసుకి రావడానికి సైకిలు అద్దె రహీం సాబ్ ఇచ్చారని చెప్పుకుంటారు. జట్టులోవాళ్లకి పోలీసు శాఖ ఉద్యోగం ఇచ్చింది. అంటే ఆటకి జీతం లేదు గానీ, ఆట వల్ల ఉద్యోగం ఉంది. మనం ఇవాళ స్పోర్ట్స్ కోటా అంటున్నది ఈ ఆలోచనే.

ఈ పద్ధతిలో మంచి ఏంటంటే, మోకాలు విరిగినా నెల జీతం ఆగదు, రిటైరయ్యాక పెన్షన్ ఉంటుంది. డెనిసన్ భార్యకి దక్కనిది ఇక్కడ కానిస్టేబుల్ కుటుంబానికి దక్కుతుంది. లోపం ఏంటంటే, గేటు దగ్గర ఎంత వసూలైనా ఆటగాడికి వాటా లేదు. పైగా అంతా శాఖ దయ మీద ఆధారం. పోలీసు, రైల్వే, బ్యాంకు జట్లు ఆటగాళ్లని తీసుకోవడం తగ్గించేసరికి హైదరాబాద్ ఫుట్‌బాల్‌కి కింద నేల జారిపోయింది. కోచ్ లోటు ఉంది, మైదానాల లోటు ఉంది, కాదనను. కానీ ఇంట్లో నాన్నకి "వీడు ఆడితే ఉద్యోగం వస్తుంది" అనే నమ్మకం పోయాక, ఏ పిల్లాణ్ణి మైదానానికి పంపుతాడు?

అమెరికా ఇప్పుడు అటు చివర నుంచి మొదలుపెట్టింది. 2021లో అక్కడి సుప్రీం కోర్టు ఆల్‌స్టన్ కేసులో తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్క మాటగా ఎన్‌సీఏఏకి వ్యతిరేకంగా తీర్పిచ్చారు. 2025 జూన్‌లో హౌస్ కేసు రాజీకి కోర్టు ఆమోదం దొరికింది. పాత ఆటగాళ్లకి పదేళ్లలో దాదాపు 280 కోట్ల డాలర్లు చెల్లించాలి. ఇకపై ఒక్కో యూనివర్సిటీ ఆటగాళ్లకి నేరుగా డబ్బు పంచవచ్చు; 2025-26లో దాని పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. బాగుంది. కానీ ఆ వాటాలో ఎక్కువ భాగం ఫుట్‌బాల్, మగవాళ్ల బాస్కెట్‌బాల్ వైపే పోతుంది. పాత బాకీ పంపకం అన్యాయమని కొందరు మహిళా క్రీడాకారిణులు అప్పీలుకి వెళ్లారు. ముఖ్యంగా, ఆటగాడు ఉద్యోగి అవునా కాదా అన్నది ఆ రాజీ తేల్చలేదు. అంటే వాటా వచ్చింది, భద్రత ఇంకా రాలేదు.

చూడండి, రెండు చోట్లా సగం సగమే. మన దగ్గర ఉద్యోగం ఉంది, వాటా లేదు. వాళ్ల దగ్గర వాటా ఉంది, ఉద్యోగం లేదు. రెండు చోట్లా ఒకటే లోటు: నిబంధన రాసే బల్ల దగ్గర ఆటగాడికి కుర్చీ లేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట చీరాల, పేరాల జనం ఊళ్లు ఖాళీ చేసి బయట పాకల్లో ఉన్నారు. ఎందుకు? మమ్మల్ని అడక్కుండా మునిసిపాలిటీ పెట్టి పన్ను వేస్తారా అని. అమెరికా ఆటగాళ్లు కోర్టులో అడిగిందీ దాదాపు అదే.

ఇవాళ మన జిల్లాలో కబడ్డీ ఆడే పిల్లల ముందు రెండు దారులున్నాయి. ఒకటి కోటా ఉద్యోగం, రెండోది 2014లో మొదలైన ప్రో కబడ్డీ లాంటి లీగుల వేలంపాట. వేలంలో పేరు పలికేది కొద్దిమందికే, అదీ ఒళ్లు సహకరించినన్నాళ్లే. కాబట్టి మీ ఇంట్లో ఆడే పిల్లో పిల్లాడో ఉంటే, ఏ కాంట్రాక్టు మీద సంతకం పెట్టేముందైనా మూడు ప్రశ్నలు అడగండి. దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు ఎవరిది? నా ఫొటో వాడుకుంటే డబ్బు ఎవరిది? ఆట ఆగిపోయాక నా చదువు మాటేమిటి? జవాబు కాగితం మీద ఉండాలి, నోటిమాటగా కాదు.