నాలుగో స్థానం గొప్పదా, ఆఖరి స్థానం గొప్పదా?

మొన్న ఒక ఆదివారం మా టీమ్‌లో పనిచేసే ఫ్రెండుతో కలిసి హుస్సేనీ ఆలం వెళ్ళాను. వాళ్ళ ఇల్లు అక్కడే. చార్మినార్ దగ్గర బండి పెట్టేసి నడిచి వెళ్ళిపోవచ్చు. అక్కడి ఆలం పేరు మీదే ఆ పేటకి ఆ పేరు వచ్చింది. ఇంట్లో వాళ్ళ పెద్దనాన్నగారు ఉన్నారు, ఎనభై దాటిన మనిషి. చాయ్ తాగుతూ, "1956 ఒలింపిక్స్ ఫుట్‌బాల్లో మనం నాలుగో స్థానంలో వచ్చాం కదా చాచా, అంతకన్నా గొప్ప టీమ్ మనకి మళ్ళీ రాలేదు" అని నాకున్న జ్ఞానమంతా ప్రదర్శించాను. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా పుణ్యం లెండి :)

ఆయన నవ్వి, "అరే బేటా, ఎవరెవరితో ఆడారో చూశావా?" అన్నారు. అంతే, నా దగ్గర సమాధానం లేదు. ఇంటికొచ్చాక లెక్కలు తీశాను.

1956 మెల్బోర్న్ సంగతి చూడండి. మొదటి మ్యాచ్ హంగరీతో. ఆ ఏడాది హంగరీలో తిరుగుబాటు జరిగింది, ఫుట్‌బాల్ జట్టు రాలేదు. మనకి వాకోవర్. తర్వాత ఆస్ట్రేలియా మీద 4-2 గెలుపు, అందులో నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. సెమీస్‌లో యుగోస్లావియా చేతిలో 1-4, కాంస్యం మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 0-3. అంటే మనం నిజంగా ఆడి గెలిచింది ఒక్కటే మ్యాచ్. టోర్నీలో మొత్తం జట్లే పదకొండు.

ఇక 1960 రోమ్. మన గ్రూపులో హంగరీ, ఫ్రాన్స్, పెరూ. గ్రూపులో మొదటివాళ్ళకే ముందుకెళ్ళే ఛాన్సు. హంగరీతో 1-2, ఫ్రాన్స్‌తో 1-1, పెరూతో 1-3. ఒక్క గెలుపూ లేదు, గ్రూపులో ఆఖరి స్థానం. కానీ ఆ హంగరీ చివరికి కాంస్యం పట్టుకెళ్ళింది. అలాంటి జట్టుతో ఒక్క గోల్ తేడా! ఫ్రాన్స్ మీద ముందు గోల్ కొట్టింది కూడా మనమే.

మన భాషలో చెప్పాలంటే, 1956లో బిల్డ్ తేలిక టెస్ట్ కేసులతో పాసయింది, 1960లో లోడ్ టెస్ట్‌లో ఫెయిలయింది. రిపోర్టులో పాస్, ఫెయిల్ అన్న రెండు ముక్కలే చూసే మేనేజర్‌కి మొదటిదే గొప్ప.

అలాగని మెల్బోర్న్‌ని తీసిపారెయ్యటం కూడా తప్పే. ఒలింపిక్ ఫుట్‌బాల్లో సెమీస్‌కి చేరిన మొదటి ఆసియా దేశం మనదే. ఆస్ట్రేలియా మీద గెలుపు గాలివాటమేమో అంటే, కొన్ని రోజులకే సిడ్నీలో మళ్ళీ ఆడి 7-1తో కొట్టాం. ఇంకో పోలిక చూడండి. 1952 హెల్సింకీలో ఇదే యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తయ్యాం. అప్పట్లో మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండానే ఆడేవాళ్ళు. నాలుగేళ్ళ తర్వాత అదే దేశం మీద ముందు గోల్ కొట్టి, తర్వాత 1-4తో ఓడాం. వాళ్ళ జట్టులో మనుషులు మారారు నిజమే, కానీ రెండుసార్లూ వాళ్ళు రజతం గెలిచారు. స్థానాలకన్నా ఈ తేడానే నాకు ఎక్కువ చెబుతుంది.

ఆ తేడా వెనక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1909లో పుట్టిన హైదరాబాదీ, వృత్తి స్కూలు మాస్టారు. ఆయన కోచింగ్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచింది. కలకత్తా పెద్ద జట్లు కూడా భయపడే జట్టు అది. మెల్బోర్న్ వెళ్ళిన టీమ్‌లో నూర్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, తంగరాజ్, బలరాం - అంతా మన ఊరి ఫుట్‌బాల్ నుంచి వచ్చినవాళ్ళే. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ నాటికి రహీమ్ సాబ్‌కి కేన్సర్. ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చారు. 1963 జూన్‌లో పోయారు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైంది 1985లో! ఆ అవార్డు 1990లో మన హైదరాబాదీ నయీముద్దీన్‌కి వచ్చింది, అదొక్కటే ఊరట.

చాచా అసలు బాధ మాత్రం తులసీదాస్ బలరాం గురించి. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం - ఆ ముగ్గురి పేర్లూ కలిపే చెప్పేవాళ్ళు. ముగ్గురికీ అర్జున వచ్చింది: పి.కె.కి 1961లో, బలరాంకి 1962లో, చునీకి 1963లో. పద్మశ్రీ మాత్రం చునీకి 1983లో, పి.కె.కి 1990లో వచ్చింది. బలరాంకి రాలేదు.

ఆటలో తక్కువా అంటే, రోమ్‌లో మనం కొట్టినవి మొత్తం మూడు గోల్స్. హంగరీ మీద బలరాం, ఫ్రాన్స్ మీద పి.కె., పెరూ మీద మళ్ళీ బలరాం. కష్టమైన ప్రత్యర్థుల మీద ఎవరు నిలబడ్డారు అన్నదే కొలత అయితే బలరాం పేరు ముందుండాలి. అయితే జకార్తాలో నాలుగు గోల్స్‌తో పి.కె. ముందున్నాడు, ఆ స్వర్ణ జట్టుకి కెప్టెన్ చునీ. కాబట్టి వాళ్ళకి ఇవ్వటం తప్పని ఎవరూ అనలేరు. మూడోవాడిని ఎందుకు వదిలేశారు అన్నదే ప్రశ్న.

నాకు తోచిన కారణం ఇది. పి.కె. తర్వాత పెద్ద కోచ్ అయ్యాడు, చునీ బెంగాల్‌కి రంజీ క్రికెట్ కూడా ఆడాడు. ఇద్దరూ జనం కళ్ళ ముందే ఉన్నారు. బలరాం అనారోగ్యంతో 1963లోనే, ముప్ఫై నిండకుండా ఆట మానేశాడు. తర్వాత కలకత్తా పక్కన ఉత్తరపారాలో నిశ్శబ్దంగా బతికాడు. బెంగాల్‌కి హైదరాబాద్ వాడు, హైదరాబాద్‌కి బెంగాల్ వెళ్ళిపోయినవాడు. మరి ఆయన గురించి గట్టిగా అడిగేదెవరు? ప్రతి ఏడూ అప్రైజల్ టైములో మనం చూసేదే కదా, పని చేసినవాడు వేరు, మీటింగులో కనపడేవాడు వేరు.

2023 ఫిబ్రవరి 16న బలరాం కన్నుమూశాడు. పద్మ అవార్డులు మామూలుగా పోయినవాళ్ళకి ఇవ్వరు. అంటే ఆ ఫైలు దాదాపు మూసేసినట్టే.

వచ్చేటప్పుడు చాచాని అడిగాను, "మీకు ఓటుంటే ఎవరికి వేస్తారు?" అని. ఆయన గ్లాసు కింద పెట్టి, "రోమ్ టీమ్‌కి. ఓడిపోయినా సరే" అన్నారు.

నేనూ ఆ వైపే. మీరేమంటారు?