ఉత్తర తెలంగాణ రుతు పండుగలు, జాతరలు

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో వానకాలం మొదలు వేసవి దాకా వ్యవసాయ పనుల వరుసను అనుసరించి జరిగే పండుగలు, జాతరలు, వంశపూజలు ఈ వ్యాసానికి విషయం. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనలో ఈ రెండు జిల్లాల నుంచి ప్రధానంగా కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలు ఏర్పడ్డాయి. జిల్లాల హద్దులు మారినా పండుగల హద్దులు మారలేదు. గోదావరికి దక్షిణాన బతుకమ్మ, వేములవాడ, కొండగట్టు. ఉత్తరాన దండారి, నాగోబా, పొలాల అమావాస్య. ఈ రెండు ప్రాంతాలనూ కలిపే అంశం ఒకటుంది. ఇక్కడి పండుగల్లో చాలావాటిలో ఆడబిడ్డ రాకపోకలే అసలు కార్యం. పూజ చేసేది ఎవరైనా, పండుగ నిండేది ఇంటి బిడ్డ వచ్చినప్పుడే.

కాల గణన

ఇక్కడి పండుగలు మూడు రకాల లెక్కల మీద నడుస్తాయి. బతుకమ్మ, దీపావళి, నాగోబా జాతర వంటివి చాంద్రమాన తిథుల ప్రకారం వస్తాయి. సుమారు మూడేళ్లకోసారి అధికమాసం వచ్చి వీటిని మళ్లీ రుతువుతో సరిచేస్తుంది. అందుకే బతుకమ్మ ఏ ఏడూ తంగేడు పూలు లేని కాలంలో పడదు. రైతు చూసే కార్తెలు సూర్యుడి నడకను బట్టి ఉంటాయి కాబట్టి వాటి తేదీలు దాదాపు కదలవు. మృగశిర కార్తె ప్రతి ఏటా జూన్ 7, 8 తేదీల్లోనే ప్రవేశిస్తుంది. మూడోది హిజ్రీ లెక్క. దానికి అధికమాసం లేదు, కనుక పీర్ల పండుగ ఏడాదికి పదకొండు రోజుల చొప్పున ముందుకు జరుగుతూ అన్ని రుతువులనూ చుట్టి వస్తుంది. పీరు ఎత్తుకునేవాళ్లలో, అలావా గుండం చుట్టూ ఆడేవాళ్లలో, మలీద పంచేవాళ్లలో హిందువులు కూడా ఉండటం ఈ పల్లెల్లో మామూలు సంగతి. అది రుతు పండుగ కాకపోయినా ఊరి పండుగే.

వానకాలం

పంచాంగంలో ఏడాది ఉగాదితో మొదలవుతుంది. సేద్యగాడి ఏడాది మాత్రం మిరుగంతో, అంటే మృగశిర కార్తెతో మొదలవుతుందనడమే సబబు. మృగశిర కార్తె ప్రవేశించిన రోజున చేపల కూర వండుకుంటారు. చేపలు తినని ఇళ్లలో ఇంగువ, బెల్లం కలిపి ఉండలు చేసి మింగుతారు. రోహిణి ఎండల నుంచి ఒక్కసారిగా చల్లబడే వాతావరణానికి ఒంట్లో వేడి ఉండాలన్నది పెద్దలు చెప్పే కారణం. ఆ రోజు కరీంనగర్ చేపల అంగళ్ల దగ్గర నిలబడటానికి చోటుండదు. తొలకరి పడితే పత్తి గింజలు నాటుతారు, వరినారు పోస్తారు.

ఆషాఢంలో తొలి ఏకాదశి వస్తుంది. జొన్న పేలాలను దంచి, బెల్లం కలిపి పేలాల పిండి చేస్తారు. ఆదిలాబాద్ గోండు గూడాల్లో ఇదే మాసంలో అకాడి జరుపుతారు. పశువులను, మనుషులను కాపాడమని అడవి దేవతను వేడుకునే పూజ ఇది.

శ్రావణ అమావాస్యనాడు వచ్చే పొలాల పండుగ ఎద్దులది. పక్కనున్న విదర్భలో పోలాగా జరిగేది ఇదే. గోదావరి దాటి దక్షిణానికి వస్తే దీని ప్రాముఖ్యం బాగా తగ్గిపోతుంది. ఆ రోజు ఎద్దుల మెడ మీద కాడి పెట్టరు. వాటిని వాగులో కడిగి, కొమ్ములకు రంగులు పూసి, వీపున గుడ్డ కప్పి హనుమంతుడి గుడి చుట్టూ తిప్పుతారు. ఇంటికొచ్చాక కాళ్లు కడిగి, బొట్టు పెట్టి, చేసిన వంట ముందు వాటికే పెడతారు. వానల్లో బురద తొక్కకుండా గూడెం పిల్లలు ఎక్కి నడిచే వెదురు కర్రలకు కూడా పొలాల పండుగతోనే గడువు తీరుతుంది. మర్నాడు వాటిని ఊరి బయట వదిలేసి వస్తారు. ట్రాక్టర్లు వచ్చాక ఎద్దుల జతలు తగ్గాయి గానీ పండుగ ఆగలేదు. ఎద్దులు లేని ఇళ్లవాళ్లు మట్టి ఎద్దులకు పూజ చేస్తారు.

లంబాడీ తండాల్లో శ్రావణంలో తీజ్ జరుగుతుంది. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టి, ఎరువు వేసి గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు పూటపూటా నీళ్లు పోసి మొలకలు పెంచుతారు. చివరి రోజున ఆ మొలకలను చెరువులోనో వాగులోనో కలుపుతారు.

బతుకమ్మ

భాద్రపద అమావాస్యను తెలంగాణలో పెత్రమాస అంటారు. పగలు చనిపోయిన పెద్దలకు బియ్యం, కూరగాయలు ఇచ్చి, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మతో తొమ్మిది రోజుల ఆట మొదలుపెడతారు. తర్వాత అటుకుల బతుకమ్మ, ముద్దపప్పు, నానబియ్యం, అట్ల బతుకమ్మ వరుసగా వస్తాయి. ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆనాడు పూలు పేర్చరు, ఆట ఉండదు. ఆ పైన వేపకాయల, వెన్నముద్దల బతుకమ్మలు. చివరిది సద్దుల బతుకమ్మ. పేర్లన్నీ దాదాపు ఆనాటి నైవేద్యాన్ని బట్టి వచ్చినవే. దీనికి ముందు కొన్ని ఊళ్లలో ఆడపిల్లలు మట్టితో బొడ్డెమ్మను చేసి ఆడుకుంటారు.

పువ్వు తేవడం ఎక్కువగా మగవాళ్ల పని. తెల్లవారకముందే చేలగట్లకూ గుట్టలకూ పోయి గునుగు, తంగేడు కోసుకొస్తారు. పేర్చడం ఆడవాళ్ల పని. ఇత్తడి సిబ్బిలోనో తాంబాళంలోనో గుమ్మడాకులు పరిచి, అడుగున తంగేడు గుత్తులు గుండ్రంగా అమరుస్తారు. గునుగు పూల కాడలను సమంగా కోసి, పిడికెడేసి కట్టలు కట్టి, కొసలను రంగునీళ్లలో ముంచి ఆరబెడతారు. ఒక వరుస తెల్లది, ఒక వరుస ఎర్రది, మధ్యలో బంతి, కట్ల, పట్టుకుచ్చు పూలు. ఆ వరుసల లోపలి ఖాళీని తరిగిన ఆకులతో, కాడలతో నింపి గట్టిగా అదుముతూ పోవాలి. ఆ నింపడం సరిగా రాకపోతే బతుకమ్మ నాలుగు వీధులు దాటేలోపే ఒరిగిపోతుంది. గోపురంలా పేరుస్తూ పోయి పైన గుమ్మడిపువ్వు, అందులో పసుపుతో చేసిన గౌరమ్మను ఉంచుతారు. పక్కన చిన్న బతుకమ్మ ఒకటి, తల్లి వెంట బిడ్డలాగా. పొద్దు గూకే వేళ గుడి ముందో చెరువు గట్టునో నడుమ పెట్టి, చుట్టూ తిరుగుతూ చప్పట్లతో పాడతారు. చీకటి పడ్డాక నీళ్లలో సాగనంపి, నువ్వులు, పల్లీలు, పెసలు, కొబ్బరితో చేసిన సత్తుపిండ్లనూ, రొట్టె బెల్లంతో చేసిన మలీదనూ ఒకరికొకరు పంచుకుంటారు.

గునుగు, తంగేడు ఎవరూ సాగుచేసేవి కావు. జొన్న, మక్క చేలల్లో గునుగు ఒక కలుపు మొక్క. వానలకు మొలిచి భాద్రపదానికి పూతకొస్తుంది. గడ్డిమందుల వాడకం పెరిగాక చేలల్లో అది పలుచబడింది. ఒకప్పుడు ఊరికే దొరికిన పువ్వును ఇప్పుడు పట్నాల్లో కట్టలుగా అమ్ముతున్నారు.

పెళ్లైన బిడ్డలు ఈ పండుగకు తల్లిగారింటికి వస్తారు. దీనికి వేములవాడలో ఒక ప్రత్యేక ఏర్పాటుంది. అక్కడ సద్దుల బతుకమ్మను తొమ్మిదో రోజు కాకుండా ఏడో రోజునే జరుపుతారు. దాంతో ఆ ఊరి బిడ్డ ఏడో రోజు పుట్టింట ఆడి, తొమ్మిదో రోజుకు అత్తగారి ఊరు చేరుకోగలదు. ఆ ఊరి కోడలికైతే ఇదే తిరగేసి జరుగుతుంది. ఆచారానికి చెప్పే కారణాలు ఎన్నున్నా, ఇంత పనికొచ్చే కారణం మరొకటి కనిపించదు.

తెలంగాణ ఏర్పడిన 2014లో ప్రభుత్వం బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించింది. 2017 నుంచి 2023 దాకా పంచిన బతుకమ్మ చీరలు ఎక్కువగా సిరిసిల్ల మరమగ్గాల మీద నేసినవే. అప్పులతో, పనిలేమితో చితికిపోయిన ఆ పట్టణానికి కొన్నేళ్లు ఈ పండుగే పని కల్పించింది.

సద్దుల వెంటనే దసరా. పాలపిట్టను చూడటం, జమ్మి ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కడం, అలాయి బలాయి తీసుకోవడం, ఇంటికొచ్చిన అల్లుడికి మాంసం వండటం. పాలపిట్ట, జమ్మి, తంగేడు మూడూ నేడు రాష్ట్ర చిహ్నాలు.

దండారి, గుస్సాడి

దసరా దాటి దీపావళి దగ్గరపడుతుంటే ఆదిలాబాద్ అడవుల్లో డోలు మోగుతుంది. రాజ్ గోండులు, కొలాములు జరిపే దండారి ఉత్సవం ఇది. మంచిర్యాల జిల్లా దండేపల్లి మండలం గుడిరేవు దగ్గర, గోదావరి ఒడ్డున పద్మల్‌పురి కాకో గుడి ఉంది. ఎన్నో దండారి బృందాలు అక్కడ మొక్కుకుని బయలుదేరుతాయి. బృందంలో అందరి కళ్లూ గుస్సాడీల మీదే ఉంటాయి. తల మీద నెమలి ఈకలతో చేసిన పెద్ద కిరీటం, ఒళ్లంతా బూడిద, భుజాన జంతుచర్మం, నడుముకూ కాళ్లకూ గజ్జెలు, చేతిలో కర్ర. ఆ వేషం వేసినంత కాలం ఆ మనిషిలో దేవుడుంటాడని నమ్మకం. అందుకే దీక్ష ముగిసేదాకా స్నానం చేయరు, ఒంటి మీది బూడిద కడగరు. వెంట గుమేల, పెప్రె, డోలు వాయించేవాళ్లు, ఆడవేషం వేసిన కుర్రాళ్లు ఉంటారు.

ఒక ఊరి దండారి మరో ఊరికి అతిథిగా పోతుంది. వచ్చిన బృందానికి ఆ ఊరంతా కలిసి భోజనం, పడక చూస్తుంది. ఆ ఊళ్ల మధ్య వియ్యాలు ముందే ఉండవచ్చు, లేదా ఆ రాత్రి ఆటల్లోనే మాటలు మొదలుకావచ్చు. పంట కోతకు రాకముందు దొరికిన ఈ తీరిక చుట్టరికాలను కలుపుకోవడానికే అన్నట్టు ఉంటుంది. దీపావళి తర్వాత కొలబోడి అనే క్రతువుతో నెమలి కిరీటాలను దింపి, ఉత్సవాన్ని ముగిస్తారు.

కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలం మార్లవాయికి చెందిన కనక రాజు గుస్సాడి నృత్యాన్ని ఊరి ఎల్లలు దాటించారు. ఆయనకు 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024లో కన్నుమూశారు. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమ్రం భీం చనిపోయాక, గోండుల పరిస్థితిని అధ్యయనం చేయడానికి నిజాం ప్రభుత్వం పిలిపించిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మకాం పెట్టింది కూడా ఈ మార్లవాయిలోనే. భీం వర్ధంతిని నేటికీ ఇంగ్లిష్ తేదీన కాక ఆశ్వయుజ పౌర్ణమినాడే జరుపుతారు.

పుష్యమాసపు జాతరలు

మైదానంలో సంక్రాంతికి పెద్ద జాతర కొత్తకొండ వీరభద్రస్వామిది. ఇది పాత కరీంనగర్ జిల్లాలోని భీమదేవరపల్లి మండలంలో ఉండేది, ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉంది. పంట ఇల్లు చేరాక బండ్లు కట్టుకుని పోవడం అక్కడి ఆనవాయితీ.

గోండులకు పుష్యం అన్నిటికన్నా పవిత్రమైన మాసం. నార్నూరులో పుష్య పౌర్ణమికి తొడసం వంశం ఖాందేవ్ జాతర జరుపుతుంది. ఆ వంశపు ఆడబిడ్డ దేవుడి ముందు రెండున్నర కిలోల దాకా నువ్వుల నూనె తాగడం అందులో ప్రధాన ఘట్టం. మొక్కుకున్న బిడ్డ మూడేళ్లు వరుసగా తాగుతుంది. వంశం బాగుండాలంటే ఆ భారం మోయవలసింది ఆ ఇంట పుట్టి మరో ఇంటికి వెళ్లిన ఆడబిడ్డే. కెరమెరి మండలంలో మహారాష్ట్ర సరిహద్దు గుట్టల్లో, గుహలో వెలసిన జంగుబాయి దగ్గరికి కూడా ఈ నెలలోనే రెండు రాష్ట్రాల నుంచీ గోండులు వస్తారు.

వీటన్నిటిలో పేరున్నది ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్ నాగోబా జాతర. మెస్రం వంశీయుల కులదైవం నాగోబా, అంటే శేషనాగు. పుష్యమాసం నెలవంక కనబడ్డాక మెస్రం పెద్దలు కాలినడకన జన్నారం మండలంలోని హస్తినమడుగుకు వెళ్లి, ఝరి అనే లోహపాత్రలో గోదావరి నీళ్లు తెస్తారు. రానుపోను వంద కిలోమీటర్లకు పైగా నడక. దారిలో గూడాల్లో ఆగుతారు. తెచ్చిన నీళ్లను వెంటనే గుడిలోకి తీసుకుపోరు. కేస్లాపూర్ మర్రిచెట్టు కింద విడిది చేసి, అమావాస్య రాత్రి మహాపూజలో అభిషేకం చేస్తారు. పూజకు కావలసిన కుండలు సిరికొండ కుమ్మరులు తరతరాలుగా చేసిస్తున్నారు. వంశంలోని 22 శాఖలకు 22 పొయ్యిలుంటాయి. ఎంతమంది వచ్చినా వంట వాటి మీదే వంతులవారీగా సాగుతుంది. పుట్టమట్టిని తొక్కి పుట్టలు చేసేది ఆడబిడ్డలు, అల్లుళ్లు.

మహాపూజ తర్వాత భేటింగ్. ఆ ఏడు మెస్రం ఇళ్లకు కొత్తగా వచ్చిన కోడళ్లు తెల్లచీర కట్టి, మొహం కప్పుకుని వరుసగా కూర్చుంటారు. పెద్దకోడళ్లు వారిని నాగోబాకూ, వంశపెద్దలకూ పరిచయం చేస్తారు. పెళ్లై ఎన్నేళ్లైనా భేటింగ్ కానిదే ఆ కోడలికి వంశపూజల్లో చోటు లేదు. పిల్లలు పుట్టాక వచ్చి భేటింగ్ అయినవాళ్లూ ఉంటారు. వంశగాయకులైన ప్రధాన్‌లు కిక్రి వాద్యం వాయిస్తూ వంశకథ పాడతారు. గోండులు ఎక్కువగా విని గుర్తుంచుకున్న చరిత్ర అది.

జాతరలో ప్రజాదర్బారు పెట్టే పద్ధతి 1940వ దశకంలో హైమన్‌డార్ఫ్ చొరవతో వచ్చింది. అధికారి గిరిజనుల దగ్గరికి పోవాలన్నది దాని ఉద్దేశం. దర్బారు నేటికీ జరుగుతుంది, అర్జీలు నేటికీ అందుతాయి. మెస్రం వంశస్థులు సొంత చందాలతో కట్టుకున్న రాతిగుడిలో 2022 డిసెంబరులో విగ్రహ ప్రతిష్ఠ జరిగింది.

మాఘం నుంచి వేసవి దాకా

రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి జరిగే మేడారం సమ్మక్క జాతర ములుగు జిల్లాలోనిదే అయినా, సమ్మక్క కథ కరీంనగర్ నేలతో ముడిపడింది. ఆమెను అడవిలో చూసి తెచ్చి పెంచుకున్న మేడరాజు పొలవాస ప్రభువు. అది జగిత్యాల దగ్గరి పొలాసేనంటారు. మేడారం పోయేవాళ్లు ముందుగా వేములవాడ రాజన్నను మొక్కి పోవడం ఆనవాయితీ. అంత దూరం పోలేనివాళ్లకు కరీంనగర్ పక్కన రేకుర్తిలో, గోదావరిఖనిలో సమ్మక్క గద్దెలున్నాయి.

వేములవాడలో కోడెను గుడి చుట్టూ తిప్పి కట్టేయడం మొక్కు. ఆలయ ప్రాంగణంలోనే దర్గా ఉంది, రాజన్నకు మొక్కినవాళ్లు అక్కడా మొక్కుతారు. శివరాత్రి జాతర పెద్దదే. అయితే ప్రత్యేకత శ్రీరామనవమిది. సీతారాముల కల్యాణం జరుగుతుండగా, శివుణ్ణే పెనిమిటిగా తలచే శివపార్వతులనే భక్తులు, హిజ్రాలు తామూ తలంబ్రాలు పోసుకుంటారు. అదే నవమికి జమ్మికుంట వైపు జనం ఇల్లందకుంట కల్యాణానికి పోతారు.

మోదుగ పూచినప్పుడు కాముని పున్నమి. అంతకు ముందు కొన్ని రాత్రులు పిల్లలు జాజిరి పాడుతూ ఇంటింటికీ తిరిగి బియ్యం, పైసలు అడుగుతారు. మోదుగపూలు ఉడకేసిన రంగు చల్లుకోవడం తగ్గింది, పొడిరంగులు వచ్చాయి. ధర్మపురి నరసింహస్వామి బ్రహ్మోత్సవాలు కూడా ఫాల్గుణంలోనే. ఉగాది పచ్చడిని ఇక్కడ నీళ్లగా చేసుకుని తాగుతారు, భక్ష్యాలు చేస్తారు.

కొండగట్టులో హనుమజ్జయంతి రెండుసార్లు జరుగుతుంది. చైత్ర పౌర్ణమికి చిన్న జయంతి, వైశాఖ బహుళ దశమికి పెద్ద జయంతి. కాషాయం కట్టి దీక్ష తీసుకున్నవాళ్లు వేసవి ఎండలో నడిచి వచ్చి అక్కడ మాల విరమిస్తారు.

ఊరు విడిచినవారి పండుగ

జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వలస పోయినవాళ్లు ఎక్కువ. దుబాయి మొదలు లండన్ దాకా తెలంగాణ సంఘాలు బతుకమ్మ జరుపుతున్నాయి. అక్కడ తిథి కన్నా సెలవు ముఖ్యం కాబట్టి ఆట శని, ఆదివారాలకు మారుతుంది. గునుగు, తంగేడు దొరకని చోట అంగట్లో దొరికిన చామంతులు, గులాబీలతోనే పేరుస్తారు. లేబర్ క్యాంపుల్లో ఉండే మగవాళ్లలో చాలామందికి మాత్రం సద్దుల రోజున తమ ఊరి చెరువు గట్టు కనిపించేది ఇంటివాళ్లు చేసే వీడియో కాల్‌లోనే.