హయిల్: ఒక హీబ్రూ మాట, దాని తెలుగు రూపాలు



ఒక మాట ఒక భాషలోంచి మరో భాషలోకి వచ్చేటప్పుడు తన సామానంతా మోసుకు రాలేదు. కొంత దారిలోనే దించి వస్తుంది. ఏది దించింది, ఏది తెచ్చుకుంది అన్న ప్రశ్న పండితులకే సంబంధించినదని మనం అనుకుంటాం. కాని ఒక్కొక్కప్పుడు అది మన ఇళ్ళలో ఆడపిల్లను ఏమని మెచ్చుకుంటాం అన్నంత వరకూ వెళుతుంది. ఈ రోజు అలాంటి ఒక మాటను గురించి ముచ్చటించుకుందాం. ఆ మాట 'హయిల్'. బైబిలు పాత నిబంధన రాసిన హీబ్రూ భాషలో బలానికి ఉన్న పేర్లలో ఇది ఒకటి.

ఈ సంగతి చెప్పుకోవడానికి బెంగళూరు తగిన ఊరు. భారత బైబిలు సంఘం కేంద్ర కార్యాలయం ఈ ఊళ్ళోనే, మహాత్మా గాంధీ రోడ్డులో ఉంది. 1910లో స్థాపించిన యునైటెడ్ థియొలాజికల్ కాలేజీలో తెలుగు, తమిళ, కన్నడ దేశాల నుంచి వచ్చిన విద్యార్థులు హీబ్రూ అక్షరాలు దిద్దుకుంటారు. ఆదివారం పూట ఒకే పేటలో మూడు భాషల ఆరాధనలు వినిపించే ఊరు ఇది. ఒక హీబ్రూ మాటను మూడు దక్షిణాది భాషలు ఎలా పలికాయో పక్కపక్కనే పెట్టి చూడాలంటే ఇంతకన్నా అనువైన చోటు అరుదు.

హయిల్‌లో ఉన్నవి మూడే అక్షరాలు: హేత్, యోద్, లామెద్. మొదటి హకారాన్ని గొంతు లోపలి నుంచి పలకాలి. పాత నిబంధనలో ఈ మాట రెండు వందల నలభైకి పైగా చోట్ల కనిపిస్తుంది. నిర్గమకాండంలో ఫరో వెంట సముద్రం దాకా తరుముకొచ్చిన సైన్యం హయిల్. ద్వితీయోపదేశకాండం ఎనిమిదో అధ్యాయంలో, మా చేతి సత్తువతో సంపాదించుకున్నామని మనిషి గర్వపడే సంపద కూడా హయిల్. మోషేకు ఆయన మామ యిత్రో న్యాయాధిపతులను ఎంచుకోమని సలహా ఇచ్చినప్పుడు, వారిలో ఉండాలన్న సామర్థ్యమూ హయిలే. యోవేలు గ్రంథంలో అంజూరపు చెట్టు, ద్రాక్షతీగ విరగకాయడాన్ని అవి తమ హయిల్‌ను ఇస్తున్నాయని చెప్పారు. నేటి హీబ్రూలో సైనికుణ్ణి 'హయాల్' అంటారు. అదీ ఈ కుదురుదే.

సైన్యం, సంపద, సామర్థ్యం, పంట - ఇన్నింటికీ ఒకే మాటా అని ఆశ్చర్యపోనక్కరలేదు. మన 'బలం' చేసే పని కూడా దాదాపు ఇదే. సాయుధ బలగాలంటే సైన్యం. చతురంగ బలాలంటే సేన. అంగబలం, అర్థబలం అని జంటగా అంటాం. డబ్బు చేసినవాణ్ణి ఊళ్ళో బలిసినవాడంటారు. నేలలో బలం లేదని రైతు ఎరువు తోలుతాడు. హీబ్రూ రైతూ తెలుగు రైతూ ఒకరినొకరు ఎరగరు గాని, బలం అంటే పని జరిపించే శక్తి అని ఇద్దరికీ తోచింది.

హీబ్రూలో బలానికి ఇంకా పేర్లున్నాయి. 'కోఆహ్' అంటే ఒంటి సత్తువ, శక్తి. 'హజక్' అంటే గట్టిపడటం, బలపడటం. ఆ ధాతువు నుంచే 'హొజ్‌కా' పుట్టింది. దాని అర్థం బలవంతం. సమూయేలు మొదటి గ్రంథంలో యాజకుని పనివాడు బలి మాంసాన్ని ఇస్తావా, లాక్కోమంటావా అని బెదిరించేచోట ఉన్నది ఈ మాటే. మన భాషలో కూడా బలవంతుడు మెచ్చుకోలు, బలవంతం నింద. రెండు భాషలూ ఒకే చెట్టు నుంచి తీపి కాయనూ చేదు కాయనూ కోసుకున్నాయన్నమాట. అయితే హయిల్ సాధారణంగా చేదు వైపుకు పోదు. అది చేవ. కాకపోతే ఆ చేవకూ హద్దుంది. జెకర్యా ప్రవక్త హయిల్‌నూ కోఆహ్‌నూ పక్కపక్కన పెట్టి, దేవుని పని ఆ రెండింటి వల్లా కాదని, ఆత్మ వల్లనే అవుతుందని అంటాడు. తెలుగులో అక్కడ ఒకటి శక్తి, రెండోది బలం అయ్యాయి.

ఇక తెలుగు అనువాదం సంగతికి వద్దాం. దాని కథ చాలా పొడుగైనది. హాలే నుంచి వచ్చిన బెంజమిన్ షుల్జ్ 18వ శతాబ్దం మొదటి భాగంలోనే మద్రాసులో ఉండి బైబిలును తెలుగు చేశాడు గాని అది అచ్చుకు నోచుకోలేదు. 1805లో జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే లండన్ మిషనరీలు విశాఖపట్నం చేరారు. ఆనందరాయరు అనే పండితుడు వారికి తోడయ్యాడు. వారి అనువాదంలో సువార్తల భాగాలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యేనాటికి క్రాన్, డెస్ గ్రాంజెస్ ఇద్దరూ కన్నుమూశారు. మొత్తం బైబిలు తెలుగులో అచ్చుకావడానికి 1854 దాకా పట్టింది. ఆ తరువాత కూడా విశాఖలో జాన్ హే వంటివారు దిద్దుతూనే వచ్చారు. ఈ పనిలో దొరల పేర్లు నిలిచాయి. పక్కన కూర్చుని ఏ మాట వెయ్యాలో చెప్పిన పండితుల్లో చాలామంది పేర్లు మనదాకా రాలేదు.

మన ఇళ్ళలో తరతరాలుగా చదువుతున్న పాత తెలుగు బైబిలు తీసి రూతు గ్రంథం చూడండి. చిన్న కథ. రెండో అధ్యాయం మొదట్లో బోయజు పరిచయమవుతాడు. భూవసతి ఉన్నవాడు, ఊళ్ళో పెద్దమనిషి. హీబ్రూ కథకుడు అతన్ని హయిల్ గలవాడంటాడు. తెలుగులో 'ఆస్తిపరుడు' అని ఉంది. మూడో అధ్యాయంలో అదే బోయజు రూతుతో మాట్లాడతాడు. రూతు ఎవరు? పరాయి దేశపు మోయాబు పిల్ల. భర్త పోయాడు. అత్తను పోషించడానికి ఇంకొకరి చేలో పరిగ ఏరుకుంటోంది. ఆమెతో బోయజు, నువ్వు హయిల్ గల స్త్రీవని ఊరందరికీ తెలుసునంటాడు. తెలుగులో అక్కడ 'యోగ్యురాలు' అని ఉంది.

రెండు అనువాదాల్లో దేన్నీ తప్పనలేం. కాని హీబ్రూలో కథకుడు చేసిన పని ఏమిటో గమనించండి. పొలం ఉన్నవాడికీ పరిగ ఏరేదానికీ ఒకే మాట వాడి, ఇద్దరినీ ఒకే తూకంలో నిలబెట్టాడు. నాలుగో అధ్యాయంలో ఊరిపెద్దలు పెళ్ళి ఆశీర్వాదంలో మూడోసారి అదే మాట పలుకుతారు. తెలుగు పాఠకుడికి అతడు ఆస్తిపరుడు, ఆమె యోగ్యురాలు, ఆశీర్వాదం క్షేమాభివృద్ధి. మూడూ ఒకే మాట అన్న సంగతి మరుగున పడిపోయింది. ఆ సమానత్వం కూడా దానితోపాటే పోయింది.

సామెతల గ్రంథం చివరి అధ్యాయంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ హీబ్రూ అక్షరమాల వరుసలో ఇరవై రెండు చరణాలతో ఒక ఇల్లాలిని కీర్తించారు. యూదుల ఇళ్ళలో శుక్రవారం సాయంత్రం దాన్ని పాడే ఆచారం ఉంది. మన క్రైస్తవ కుటుంబాల పెళ్ళిళ్ళలోనూ చదువుతారు. ఆమెను హీబ్రూలో 'ఏషెత్ హయిల్' అన్నారు. తెలుగులో గుణవతి. కన్నడంలోనూ గుణవతే. తమిళంలో గుణశాలి. ఈ ఊళ్ళో వినిపించే మూడు భాషలూ బలం దగ్గర మొదలై గుణం దగ్గరకు చేరాయి. అదే అధ్యాయం చివర్లో, ఎందరో స్త్రీలు హయిల్ చూపారుగాని నువ్వు అందరినీ మించావని అనేచోట మన పాత తెలుగు బైబిలు 'పతివ్రతా ధర్మం' అన్న మాట వేసింది.

మరి ఆ ఇల్లాలు చేసే పనులేమిటి? చీకటితోనే లేస్తుంది. పొలం చూసి బేరమాడి కొంటుంది. ద్రాక్షతోట వేస్తుంది. బట్టలు నేయించి వర్తకులకు అమ్ముతుంది. బీదలకు చెయ్యి చాస్తుంది. నడుం బిగించి చేతులకు సత్తువ తెచ్చుకుంటుంది. ఆమె తెచ్చే రాబడికి కవి వాడిన హీబ్రూ మాట యుద్ధంలో దొరికిన కొల్లసొమ్ముకు వాడే మాట. ఆమె వండిపెట్టే తిండికి వాడినది వేటలో దొరికిన ఎరకు వాడే మాట. కవి కళ్ళకు ఆమె ఇంటిని గెలుచుకొచ్చే వీరురాలు. అందుకే క్రీస్తుకు పూర్వపు గ్రీకు అనువాదకులు ఆమెను ధైర్యశాలి అన్నారు. లాటిన్‌లో జెరోము 'ఫోర్తిస్' అన్నాడు, అంటే బలమైనది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో 'వర్చ్యువస్' అన్నారు. ఆ మాట పుట్టింది పురుషుడనే లాటిన్ పదం నుంచి, మొదట్లో దాని అర్థం పౌరుషం. కాలక్రమాన అది శీలానికి పరిమితమైంది.

గిద్యోను అనే అతన్ని దేవదూత ఇదే మాటతో పలకరిస్తాడు. అప్పుడతడు శత్రువుల కంట పడకుండా గానుగ చాటున గోధుమలు దుళ్ళగొట్టుకుంటున్నాడు. అయినా మన బైబిలు అతన్ని పరాక్రమవంతుడనే అంది. దాక్కున్న మగవాడికి పరాక్రమం, పొలం కొన్న ఆడదానికి పాతివ్రత్యం! అనువాదకులకు దురుద్దేశం ఉందని నేననను. ఆ కాలపు తెలుగులో స్త్రీని పొగడటానికి చేతికందిన మాటలు అవి. పండితుడి సంచిలో ఉన్న మాటే కాగితం మీదికి వస్తుంది.

సంచి మార్చినవారూ ఉన్నారు. 1858లో కన్నడ దేశపు పడమటి కనుమల్లో పుట్టిన పండిత రమాబాయి పెద్ద వయసులో హీబ్రూ, గ్రీకు నేర్చుకుని, బైబిలు మొత్తాన్ని మరాఠీలోకి స్వయంగా అనువదించింది. 1922లో ఆమె పోయాక 1924లో అది వెలువడింది. ఆమె ముక్తి ఆశ్రమంలోని అచ్చుయంత్రం దగ్గర పనిచేసినది ఆమె చేరదీసిన స్త్రీలే. హయిల్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ముందుగా ఆ అచ్చుగది గుర్తుకొస్తుంది.

పాత అనువాదాన్ని కొట్టివేయమని నేను చెప్పడం లేదు. దానిలోని తెలుగు ఎందరి ప్రార్థనల్లోనో కలిసిపోయింది. ఈసారి ఏ పెళ్ళిలోనైనా ఆ అధ్యాయం చదువుతుంటే, గుణవతి అన్న మాట వెనక బలం అన్న మాట ఉందని మాత్రం గుర్తుచేసుకోండి. వధువు పక్కన కూర్చున్న పెద్దవారైతే ఆమె చెవిలో ఆ మాట వెయ్యండి. గుణం లేకుండా బలం నిలవదు, నిజమే. కాని ఆ కవి ఆ ఇల్లాలిని మెచ్చుకోవడం మొదలుపెట్టింది ఆమె బలంతోనే.